సీమ మాట ఆటలోకి ఎక్కితే

పిల్లల వీడియో గేములో మన రాయలసీమ మాట నవ్వుకోడానికి చేరినా నాకేం అభ్యంతరం లేదు. నవ్వించే మాట ఎవరి నోటి నుంచి తెచ్చినారన్నదే నా పేచీ.

దసరా సెలవులకు హాస్టల్ నుంచి వచ్చిన మావాడు మైన్‌క్రాఫ్ట్‌లో ‘సీమ భాష’ ఎక్కించినాడు. ఈ ఆట సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్తాను. స్వీడన్‌లో పుట్టిన ఆట. 2014లో మైక్రోసాఫ్ట్ కొనేసింది. అంతా చదరపు దిమ్మెలే. తవ్వాలి, కట్టాలి, పొద్దుగూకితే వచ్చే దయ్యాలకు చిక్కకుండా దాక్కోవాలి. అభిమానులే కూర్చుని అనువదించిన భాషలు అందులో వందకు పైగా ఉన్నాయి. వాటిలో కొన్ని ఒట్టి సరదాకు పెట్టినవి. సముద్రపు దొంగల ఇంగ్లీషు ఒకటి, పిల్లి రాస్తే ఎట్లుంటుందో అట్లాంటి తప్పుల ఇంగ్లీషు ఒకటి, షేక్‌స్పియర్ కాలపు ఇంగ్లీషు ఒకటి, అక్షరాలన్నీ తలకిందులుగా ఉండేది ఇంకొకటి. సినిమా కోసం పుట్టించిన క్లింగాన్ భాష కూడా ఉంది!

ఆటలో లేని భాష కావాలంటే మనమే చేసుకోవచ్చు. కంప్యూటర్లో ఆడే జావా ఎడిషన్‌లో ఇది కష్టమేం కాదు. జిప్ ఫైలును రిసోర్స్ ప్యాక్స్ ఫోల్డర్లో వేసి, ఆప్షన్స్‌లోకి పోయి దాన్ని ఎంచుకుని, తర్వాత భాషల పట్టీలో ఆ పేరు మీద నొక్కితే సరి. గ్యాస్ బుక్ చేసుకునే మనకు ఇదొక లెక్కా!

మావాడు ఎక్కించిన ప్యాక్ వాడి స్నేహితులు చేసినదంట. కత్తి ‘వేటకొడవలి’ అయింది. టీఎన్‌టీ ‘నాటు బాంబు’ అయింది. జాంబీ వచ్చి ‘ఫ్యాక్షనిస్టు’ అయి కూర్చున్నాడు. ఆటలో చచ్చిపోతే ‘నరికేసినార్రా’ అని తెర మీద పడుతుంది. మావాడు పడీపడీ నవ్వుతున్నాడు. నాకూ మొదట నవ్వొచ్చింది, అబద్ధమెందుకు.

సముద్రపు దొంగలు నిజంగా అట్లా మాట్లాడినారో లేదో ఎవరికీ పట్టదు. వాళ్ల మనవడు ఏ హాస్టల్లోనూ చదువుకోవడం లేదు. మా జేజి మనవడు చదువుకుంటున్నాడు. జేజి అంటే మా అత్త. వాడు ఆమెతో ఫోన్లో మాట్లాడాలంటే రూములోంచి వరండాలోకి పోతాడు. ఎందుకురా అంటే, “యాడుండావు, ఏం తింటివి అంటే అందరూ నవ్వుతారుమా” అన్నాడు. ఆ నవ్వే పిల్లలకు సీమ మాట ఎవరు నేర్పినారు? ‘ప్రేమించుకుందాం రా’ 1997లో వచ్చింది, ‘సమరసింహారెడ్డి’ 1999లో. అప్పటినుంచి మన యాస వినిపిస్తే వెనకాల సుమోలు వస్తున్నాయేమో అని చూస్తారు. ఇరవై ఏళ్లకు పైగా సినిమావాళ్లు తోమిందే ఈ పిల్లలు మళ్లీ ప్యాకులో పెట్టినారు. వాళ్లను తప్పుపట్టను. వాళ్లకు వేరే సీమ చెవిన పడలేదు.

నేను బి.ఏ. తెలుగు చదివినదాన్ని. తాళ్లపాక మా రాజంపేట పక్కనే. జనం నోట్లోని మాటను పాట చేసి స్వామి ముందు పెట్టిన అన్నమయ్య ఊరు. ఆ పాటలు రాగిరేకుల మీదికి ఎక్కినాయి కాబట్టి మనదాకా వచ్చినాయి. ఈ కాలం పిల్లల రేకు ఈ జిప్ ఫైలే అయితే, అందులో ఏం చెక్కాలో మనమూ చెప్పాలి కదా.

అందుకే ఫైలు తెరవరా అన్నాను. లోపలుండేది మామూలు రాతే. ఎడమ పక్క ఆట గుర్తుపట్టే పేరు, కుడి పక్క తెర మీద కనపడే మాట. కుడి పక్కది మార్చుకుంటే చాలు. మార్చనివి ఇంగ్లీషులోనే కనపడతాయి. వేల వరసలున్నాయి, మేము నాలుగు మాపులు కూర్చుని రెండొందలు చేసినాము. జేజి మంచం మీద కూర్చుని శెనక్కాయలు ఒలుస్తూ మాటలు చెప్పింది.

కాల్సైట్ అనే తెల్లరాయికి ఆమె తడుముకోలేదు, ‘ముగ్గురాయి’ అనింది. మంగంపేట గనుల బెరైటీస్‌ను మా పక్క అట్లే అంటారు. అకేషియా ‘తుమ్మ’ అయింది. మాంగ్రోవ్ అంటే మడచెట్టు, దాన్ని మా ఎండల్లో ఎవరు చూసినారు! ఆటలో దాని కట్టె ఎర్రగా ఉంది కాబట్టి ‘ఎర్రచందనం’ అని పెట్టినాము. దీన్ని నరికితే ఫారెస్టోళ్లు రారు అని వాడి సంబరం. పగలు మంచమెక్కితే, రాత్రి పూటే పండుకోవచ్చని ఆట చెప్తుంది. దానికి జేజి ఇచ్చింది: “పగటి పూట పండుకోను నీకేం రోగం!”

చావు దగ్గర మాత్రం ఆగిపోయినాము. ‘సచ్చిపోతివి’ అని నేను రాయబోతే ఆమె ఒప్పుకోలేదు. ఆడుకునే పిల్లోనితో ఆ మాట అంటారా అని గదమాయించింది. ఆమె చెప్పినట్లే రాసినాము: “అయ్యో, పడిపోతివా నాయనా.” మళ్లీ బతికే బటన్ మీద: “లెయ్, లెయ్.”

ఒక్క చిక్కు తీరలేదు. మా కంప్యూటర్లో ఈ ఆట తెలుగు ఒత్తులను అక్షరం కిందికి చేర్చలేదు, విడగొట్టి పక్కన పెట్టింది. ‘జేజెమ్మ’ చూడబోతే ‘జేజెమ్‌మ’. ఇంగ్లీషును తలకిందులుగా చూపించేదానికి మన ఒత్తు బరువైపోయిందా? ‘గొడ్డలి’ని ఏం చేయలేక వదిలేసినాము. పలుగు, పార, కొడవలి, గంప, కుండ... ఒత్తులేని మాటలకు మాత్రం మా సీమలో కొదవలేదు.

ప్యాక్ స్నేహితులకు పంపినాడు. ముగ్గురాయి అంటే ఏందిరా అని ఒకడు అడిగితే, వీడు జేజికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టినాడంట. ఆమె అరగంట చెప్పింది. ఈసారి వరండాలోకి పోలేదంట.

క్రీపర్‌కు ఇంకా పేరు కుదరలేదు. చప్పుడు లేకుండా వెనకాల వచ్చి పేలిపోయే పచ్చ జంతువది. జేజి ఒక పేరు చెప్పింది గానీ, మా వీధిలో ఒకామెకు ఇప్పటికే ఆ పేరుంది. మీ పక్క ఏమంటారో చెప్పండి, ఒత్తులేనిది చూసి.