మొక్కకు వేసవిలో నీరెవరు పోయుదురు?

జూలై నెల రాగానే మన పాఠశాలలలో మొక్కలు నాటు సంబరము మొదలగును. 1950లో నాటి కేంద్రమంత్రి కె.ఎం. మున్షీ వనమహోత్సవమునకు శ్రీకారము చుట్టిన నాటినుండి ఇది మన దేశమున ఆనవాయితీ అయినది. తెలంగాణములో 2015లో మొదలైన హరితహారముతో ఇది మరింత పెద్దయెత్తున సాగినది. అతిథి విచ్చేయును, ముందే త్రవ్వి ఉంచిన గుంతలో మొక్కను దించును, ఫొటో తీయుదురు, పిల్లలు చప్పట్లు కొట్టుదురు. ఆ మొక్కకు అసలు పరీక్ష మే నెలలో వచ్చును. ఏప్రిల్ చివరివారమున బడి మూసినది మొదలు జూన్ రెండవ వారము వరకు, సుమారు ఏడు వారములు, దానికి నీరు పోయువారుండరు. మరుసటి జూలైలో అదే గుంతలో మరియొక మొక్క! నేనెరిగిన ఒక ఉన్నత పాఠశాలలో ప్రహరీగోడ ప్రక్కనున్న గుంత యొకటి నాలుగేండ్లలో నాలుగు మొక్కలను మ్రింగినది. ఒక పిల్లవాడు దానిని నాకు చూపి, "ఏటా మొక్క పెట్టే గుంత ఇదేనండి, మాస్టారూ" అని పరిచయము చేసినాడు. వాడు వెక్కిరింపుగా అన్నమాట కాదది. బావిని చూపినట్లు, గంటను చూపినట్లు చూపినాడు.

నాటుట వేడుక యనియు, బ్రదికించుట ఎవరి పనియు కాదనియు ఆ బాలుడు నేర్చుకొన్నాడు. చేతులతో పని చేయించి నేర్పుట అని మనమీనాడు ఘనముగా చెప్పుకొను పద్ధతిలో వానికి దక్కిన పాఠమిది.

పర్యావరణమును పాఠశాలలలో తప్పనిసరి పాఠ్యాంశము చేయవలెనని సుప్రీంకోర్టు 1991లో ఆదేశించినది. ఆదేశము సరిగా అమలు కాకపోగా 2003 డిసెంబరులో మరల కల్పించుకొని, తరగతివారీగా పాఠ్యప్రణాళిక సిద్ధము చేయుమని జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలిని కోరినది. న్యాయస్థానము ఉద్దేశము మంచిదే. కాని మన దేశములో పాఠ్యాంశమైనది పరీక్షాంశము కాక తప్పదు. "సుస్థిరాభివృద్ధి అననేమి?" అని రెండు మార్కుల ప్రశ్న. రాబోవు తరముల అవసరములకు భంగము రాకుండ నేటితరము తన అవసరములు తీర్చుకొనుట యని, 1987 నాటి బ్రంట్‌లాండ్ నివేదికలోని భావమును బాలిక తడుముకొనకుండ వ్రాయును. ఆ సమయమున వరండాలోని కుళాయి కారుచునే యుండును. ఇక "ప్రాజెక్టు" అన్నచో, దానిని బడి యెదుటి పుస్తకాల దుకాణమువారే చేసి అమ్ముదురు. పర్యావరణ పరిరక్షణ నమూనాను థర్మోకోలుతో చేయించు మన సంప్రదాయమును చూచి నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియదు.

నిజముగా చేయించదలచిన ఉపాధ్యాయునికి ఖరీదైన పరికరము లక్కరలేదు. అంచులు నిలువుగానున్న డబ్బా యొకటి, ఒక స్కేలు చాలును. డబ్బాను ఆరుబయట పెట్టి, వాన వెలిసిన పిదప లోపలి నీటి లోతును కొలువవలెను. చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన పడినచో అది సరిగా ఒక లీటరు నీరు. బడి కప్పు నూరు చదరపు మీటర్లనుకొందము. ఒక సాయంకాలము 25 మిల్లీమీటర్ల వాన కురిసినచో, ఆ కప్పుమీదినుండి జారిన నీరు 2,500 లీటర్లు, అనగా 15 లీటర్ల బిందెలు 160కి పైగా. కొంత ఆవిరియై, కొంత తడికి ఇంకిపోయినను మిగిలినది తక్కువ కాదు. తల్లితో వీధి కుళాయివద్ద బిందె పట్టుకొని నిలిచిన బిడ్డకు ఈ లెక్క ఒక్కసారి చేసి చూపుడు. చూరునుండి మురుగు కాలువలోనికి పోవు నీటిని అటుపిమ్మట ఆ బిడ్డ చూచు చూపే వేరు.

మధ్యాహ్న భోజనములో మిగిలిన కూరగాయల తొక్కలు, రాలుటాకులు పొరలు పొరలుగా పేర్చి, తడి చల్లి, మీటరు ఎత్తున కుప్ప వేయించుడు. నాలుగైదు దినములైన పిదప ఇనుపచువ్వను గ్రుచ్చి, కొంతసేపటికి పైకి తీసి తాకిన వెచ్చగానుండును. నిప్పు లేకుండ వేడి ఎట్లు పుట్టినదని పిల్లలే అడుగుదురు. కంటికి కనబడని జీవులు పని చేయుచున్నవని అప్పుడు చెప్పిన మాటను మరువరు. కుప్పలో పొరపాటున పడిన ప్లాస్టిక్ సంచి, ఎరువు సిద్ధమైన తరువాతను పడిననాటివలెనే బయటికి వచ్చును. దానిని గురించి వేరుగా ఉపన్యాసము అవసరములేదు.

ఇది పసిపిల్లల ఆట కాదనుటకు మన నేలమీదనే గొప్ప నిదర్శనము కలదు. ఈ శతాబ్దపు తొలి దశకమున ఉమ్మడి ఆంధ్రప్రదేశములోని ఏడు కరవు జిల్లాలలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, రైతులే భూగర్భజలమును చూచుకొను పథకమొకటి నడచినది. అనంతపురము, మహబూబ్‌నగరము, నల్లగొండ మొదలగు జిల్లాల రైతులు వానను తామే కొలిచి, బావులలో నీటిమట్టమును తామే నమోదు చేసిరి. రబీకి ముందు ఊరంతయు కూర్చుండి, ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసినదెంత యని లెక్క కట్టిరి. బోర్లు వేయరాదని గాని, వరి మానుడని గాని వారినెవ్వరు శాసింపలేదు. లెక్క చూచిన పలువురు తక్కువ నీటి పంటలకు తామే మళ్ళిరి. బడికి పోని వారు సైతము ఈ విద్య నేర్చుకొనగలిగినప్పుడు బడిలో ఉన్నవారికి ఇది కష్టము కానేరదు.

అయినను ఇది మన పాఠశాలలలో ఏల పాదుకొనలేదు? 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ అధ్యక్షతన జరిగిన సభలో చేతిపని ద్వారా చదువు నేర్పవలెనని తీర్మానించిరి. జాకీర్ హుస్సేన్ సంఘము దానికి ప్రణాళిక కూర్చినది. స్వాతంత్ర్యానంతరము మూలవిద్యా పాఠశాలలు వెలసినవి, క్రమముగా అణగారినవి. 1964-66 నాటి కొఠారీ సంఘము దానినే "కార్యానుభవము" అన్నది. 1977లో దానికి మరియొక పొడుగైన పేరు వచ్చినది. పేరు మారినపుడెల్ల ఆ పీరియడు గణితము మాస్టారి ఖాతాలో పడుచునే వచ్చినది.

దీనికి కారణము ఉపాధ్యాయుల సోమరితనమని అనుట అన్యాయము. నేను విన్న ఆక్షేపణలలో మిక్కిలి బరువైనది ఒక తండ్రిది. "మా తాతలు మట్టి మోశారు, మా నాన్న మోశాడు. నా బిడ్డను మోయకుండా ఉండటానికే బడికి పంపాను" అన్నాడాయన. ఈ మాటకు వార్ధా ప్రణాళికలో సమాధానము లేదు. కలిగినవారి పిల్లలకు పుస్తకము, లేనివారి పిల్లలకు రాట్నము అన్న విభజన వచ్చిననాడే మూలవిద్య సగము చచ్చినది. నేటికిని ఎన్నో బళ్ళలో చీపురు పట్టునది ఎవరో, నీళ్ళు తెచ్చు బాలిక ఎవరో పేర్లు చూచినంతనే తెలియును. పారతో గుంత త్రవ్వించుట చదువు కాదు, చాకిరి. ఆ గుంతలో నీరు ఇంకుటకు ఎంత సేపు పట్టినదో కొలిచి, ప్రక్క గుంతలో ఏల తొందరగా ఇంకినదని అడిగి, ఏ మొక్క ఎచ్చట నాటవలెనో పిల్లలే నిర్ణయించినపుడు అది చదువగును. వంతు అందరిదియు కావలెను, గ్రామాధికారి కొడుకుతో సహా.

2019లో కేంద్ర ప్రభుత్వము పాఠశాలలలో పెరటి తోటలకు మార్గదర్శకములు జారీచేసినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆరు మొదలు ఎనిమిదవ తరగతి వరకు పుస్తకాల సంచి లేని పది దినములు కేటాయించినది. రెండును స్వాగతింపదగినవే. కాని తోటకూర మడి పది దినముల లెక్క నెరుగదు. దానికి పదునొకండవనాడును దాహమగును.

పైన చెప్పిన గుంత బడికి కొత్తగా వచ్చిన ప్రధానోపాధ్యాయులు నిరుడు వేసవికి ముందు ఒక చిన్న పని చేసిరి. చేతులు కడుగు తొట్టి నీరు పారుచోటికి మొక్కలను మార్పించిరి. సెలవులలో ఆ నీరు ఉండదు గనుక, బడికి దగ్గరలోనున్న పిల్లల పేర్లు, ఆడ మగ తేడా లేకుండ, దినమున కొకటి చొప్పున వ్రాసి, గేటుకు లోపలివైపున అంటించిరి. ఒకరు రానినాడు మరునాటివారు రెండు బిందెలు పోయవలెను. ఆ జాబితాలో ఆదివారములన్నిటికి ఎదుట ఉన్నది ఆయన పేరే.