ఎంత దూరం నడుస్తారు?

సంభావ్యత గురించీ, మనుషులు నిర్ణయాలు తీసుకునే తీరు గురించీ రాసిన తత్వవేత్త కాగితాల్లో స్త్రీవాదులకేం పని అని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. సెమినార్లలో అడుగుతారు, కొంచెం నవ్వుతూ కూడా అడుగుతారు. లెక్కలకి లింగభేదం ఉండదట. సరే, లెక్కలకి లేకపోవచ్చు. లెక్కలు రాసుకున్న కాగితాలకీ, ఆ కాగితాలు పెట్టిన పెట్టెలకీ, పెట్టెల మీద అతికించిన చీటీలకీ మాత్రం ఉంది. ఫ్రాంక్ రామ్సే కాగితాల కథ చూస్తే ఇది అర్థమవుతుంది.

1903లో కేంబ్రిడ్జ్‌లో పుట్టిన రామ్సే 1930 జనవరిలో పోయాడు. అప్పటికి అతనికి 26 ఏళ్లు. ఈలోపే గణితం, తర్కం, అర్థశాస్త్రం అన్నింటిలోనూ చెయ్యిపెట్టాడు. 1926లో రాసి, బతికుండగా అచ్చుకాని ఒక వ్యాసంలో నమ్మకాన్ని కొలవడానికి అతను చూపిన దారి మీదే ఇవాళ్టి నిర్ణయ సిద్ధాంతం చాలావరకు నిలబడి ఉంది. అందులో ఒక ఉదాహరణ ఉంది. దారి చీలిన చోట నిలబడ్డాడొక మనిషి. ఇదే సరైన దారి అనుకుంటున్నాడు, కానీ ఖాయంగా తెలియదు. దూరంగా పొలంలో ఎవరో కనిపిస్తున్నారు. అడగడానికి అతను ఎంత దూరం నడవడానికి సిద్ధపడతాడు? నమ్మకం గట్టిదైతే అడుగు కదపడు. అనుమానం ఎంత ఉంటే అంత దూరం నడుస్తాడు. మనసులో ఏమనుకుంటున్నాడో, పైకి ఏం చెబుతున్నాడో అక్కర్లేదు, నడక చూస్తే చాలు.

ఈ కొలబద్దని అతని ఆర్కైవ్‌కే పెట్టి చూడాలని నా ఉద్దేశం.

రామ్సే కాగితాలు రెండు ఖండాల్లో ఉన్నాయి. తత్వశాస్త్రపు నోట్సులు, చిత్తుప్రతులు 1980లలో అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చేరాయి. కార్నాప్, రైఖన్‌బాక్, డి ఫినెట్టి లాంటివాళ్ల కాగితాల సరసన అక్కడ ఉన్నాయి. తల్లికీ, భార్యకీ రాసిన ఉత్తరాలు చాలావరకు కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీలో ఉండిపోయాయి. ఆలోచన అట్లాంటిక్ దాటింది, కాపురం ఇంటిదగ్గరే ఉంది. ఇది ఎవరో కూర్చుని పన్నిన కుట్రని నేననడం లేదు. కుట్ర అవసరం లేకుండానే ఇలా జరిగిపోవడం గురించే నా గొడవంతా. ఎవరూ ప్రత్యేకంగా నిర్ణయించక్కర్లేకుండా ఆడవాళ్లకి రాసినవి 'వ్యక్తిగతం' గుట్టలోకి జారిపోతాయి.

జారిపోయినవి పనికిరానివేం కాదు. 1923 సెప్టెంబరులో ఇరవయ్యేళ్ల రామ్సే ఆస్ట్రియాలో ఒక పల్లెబడిలో పాఠాలు చెప్పుకుంటున్న విట్గెన్‌స్టైన్‌ని వెతుక్కుంటూ వెళ్లాడు. అక్కణ్నించి తల్లి ఆగ్నెస్‌కి ఉత్తరం రాశాడు. విట్గెన్‌స్టైన్ మీద పనిచేసేవాళ్లందరికీ ఆ ఉత్తరం తెలుసు. ఆ గది ఎంత చిన్నదో, ఆ పుస్తకాన్ని అతను ఎంత కష్టపడి వివరించాడో అందులోంచి ఎత్తి రాసుకుంటారు. ఉత్తరం ఎవరికి రాశాడో వాళ్లకి పట్టదు. ఆగ్నెస్ ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన మనిషి, స్త్రీల ఓటుహక్కు కోసం పనిచేసిన మనిషి. 1927లో కారు ప్రమాదంలో పోయింది. ఉత్తరం ఎవరిని ఉద్దేశించి రాశారన్నదే దాని రూపాన్ని నిర్ణయిస్తుందని సాహిత్య విద్యార్థికి మొదటి ఏడాదిలోనే చెబుతాం. తత్వశాస్త్రం వాళ్లకి ఆవిడ తపాలాపెట్టె.

లెటిస్ బేకర్ పరిస్థితి ఇంకొంచెం అన్యాయం. న్యూనమ్ కాలేజీలో మోరల్ సైన్సెస్ చదివింది. కేంబ్రిడ్జ్ స్త్రీలకి మగవాళ్లతో సమానంగా పట్టా ఇచ్చింది 1948లో గానీ కాదు. రామ్సే పోయేనాటికి ఇద్దరు పసిపిల్లలు. 1932లో హెలెన్ మస్ప్రాట్‌తో కలిసి ఫోటో స్టూడియో పెట్టి బతికింది. ఆ స్టూడియో తీసిన కేంబ్రిడ్జ్ మేధావుల బొమ్మలు ఇప్పటికీ పుస్తకాల్లో అచ్చవుతూనే ఉన్నాయి. ఆమెకి రాసిన ఉత్తరాల్లో మాత్రం చదివేవాళ్లు వెతికేది ఆ దంపతుల మధ్య ఉండిన స్వేచ్ఛా ఒప్పందం తాలూకు కబుర్ల కోసం. నమ్మకం అంటే తలలో కదిలే బొమ్మ కాదు, మనిషి నడిచే తీరు అన్నవాడి విషయంలో నడకనీ ఆలోచననీ విడదీసి రెండు గుట్టలు పెట్టడం అతని తత్వానికే అన్యాయం.

చెల్లెలు మార్గరెట్ పాల్ ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం బోధించింది. అన్న గురించి ఆమె రాసిన పుస్తకం 2012లో, ఆమె పోయిన పదేళ్లకి వచ్చింది. పిట్స్‌బర్గ్ నోట్సుల్ని విప్పి 1991లో అచ్చువేసింది ఇటలీ తత్వవేత్త మారియా కార్లా గలవొట్టి. సమగ్రమైన జీవితచరిత్ర 2020లో రాసింది షెరిల్ మిసాక్. అతని అక్షరాలు కూడబలుక్కుని చదివిన వాళ్లలో ఆడవాళ్లు తక్కువేం కాదు.

ఆ నోట్సుల్లో ఒకటి నా వాదనకి బాగా పనికొస్తుంది. నిర్ణయం తీసుకునే ముందు ఖర్చు లేకుండా సమాచారం దొరుకుతుంటే చూసుకోవడం సగటున ఎప్పుడూ నష్టం కాదని రామ్సే రెండు మూడు పేజీల్లో నిరూపించి పక్కన పెట్టేశాడు. 1967లో ఐ.జె. గుడ్ అదే విషయాన్ని సొంతంగా కనిపెట్టి అచ్చువేశాడు. రామ్సే చిత్తుకాగితం 1990లో పత్రికకెక్కింది. వెంటనే ప్రాధాన్యం సర్దుబాటైంది, అసలు ముందు రామ్సేనే అన్నారు. అనాల్సిందే, నాకేం అభ్యంతరం లేదు. ఎవరికీ చూపించకుండా పెట్టుకున్న కాగితానికి అరవై ఏళ్ల తర్వాత కూడా న్యాయం జరిగిందంటే సంతోషమే.

అయితే ఇదే న్యాయం అచ్చయిన కాగితానికి ఎందుకు జరగదు? డొరొతీ రించ్ గర్టన్ కాలేజీలో గణితం చదివి, రస్సెల్ దగ్గర తర్కం నేర్చుకుంది. 1919, 1921, 1923ల్లో హెరాల్డ్ జెఫ్రీస్‌తో కలిసి సంభావ్యత మీదా, శాస్త్రీయ పరిశోధన మూలసూత్రాల మీదా వ్యాసాలు రాసింది. సరళమైన నియమానికి ముందుగానే ఎక్కువ సంభావ్యత ఇవ్వాలనే ఆలోచన ఆ జంట వ్యాసాల్లోది. అచ్చయిన వ్యాసాలవి, పేరున్న పత్రికలో, ఇద్దరి పేర్లతో. ఆమె భాగం ఎంతో జెఫ్రీస్ దాచలేదు కూడా. అయినా 1939లో అతని పుస్తకం వచ్చాక, ఆ ఆలోచనలు పాఠాల్లో చాలావరకు ఒక్క జెఫ్రీస్ పేరుతోనే తిరుగుతున్నాయి. ఆక్స్‌ఫర్డ్ నుంచి సైన్సులో అత్యున్నత డాక్టరేటు అందుకున్న తొలి మహిళ ఆమె, 1929లో. మరుసటి ఏడాది జీన్ ఐలింగ్ అనే మారుపేరుతో, పిల్లల పెంపకానికీ వృత్తికీ మధ్య నలిగిపోయేవాళ్ల గురించి ఒక పుస్తకం రాసింది. ఆ మాట సొంత పేరుతో చెప్పలేకపోయింది!

రించ్ కాగితాలు మసాచుసెట్స్‌లోని స్మిత్ కాలేజీలో, స్త్రీల చరిత్రకి కేటాయించిన సోఫియా స్మిత్ సేకరణలో ఉన్నాయి. ఆ సేకరణే లేకపోతే ఏమయ్యేవో ఊహించగలం. దాన్ని కట్టుకున్న ఆడవాళ్లకి మనం రుణపడి ఉన్నాం. కానీ సంభావ్యత చరిత్ర రాసేవాడు పిట్స్‌బర్గ్‌కి విమానం టిక్కెట్టు కొంటాడు, స్త్రీల గది తలుపు తట్టడు. 'మీకంటూ ప్రత్యేక గది ఉందిగా' అనేది ఎంత మర్యాదగా బయటికి పంపే మాటో, స్త్రీల ప్రత్యేక సంచికల్లో రాసే మనకి ఒకరు చెప్పక్కర్లేదు.

రామ్సే కొలబద్ద ఇక్కడ పనికొస్తుంది. స్త్రీల మేధస్సు మీద మాకెంతో గౌరవం అని వేదికలెక్కి చెబుతారు. చెప్పనివ్వండి. ఎంత దూరం నడిచారో చూడండి. రించ్ పెట్టె దాకా నడవనివాడికి, లెటిస్ ఉత్తరాలు కబుర్ల కోసం తప్ప తెరవనివాడికి, అందులో ఏమీ లేదన్న నమ్మకం నూటికి నూరుపాళ్లు ఉందన్నమాట. ఖర్చు లేని సమాచారాన్ని కాదనడానికి హేతువు లేదని నిరూపించినవాడి భక్తులే ఇలా చేయడం చూస్తే నవ్వొస్తుంది. దూరం, డబ్బు, సెలవు అంటారా, అయితే దూరం లేని పెట్టె ఒకటి చూపిస్తాను.

అదే పిట్స్‌బర్గ్ ఆర్కైవ్‌లో రోజ్ రాండ్ కాగితాలున్నాయి. ఆమె కూడా 1903లోనే పుట్టింది, లెంబర్గ్‌లో. వియన్నా సర్కిల్ సమావేశాల్లో 1930 నుంచి 1933 దాకా ఎవరు ఏమన్నారో రాసిపెట్టింది ఆమె. ఎవరు ఏ ప్రతిపాదనతో ఏకీభవించారు, ఎవరు కాదన్నారు, ఎవరు అది అర్థమే లేని మాటన్నారు అని పట్టిక కూడా వేసింది. కేవలం విని రాసుకున్న మనిషి చేసే పని కాదది, తూకం వేయగలిగిన మనిషి చేసే పని. 1938లో డాక్టరేటు వచ్చింది. యూదు స్త్రీ కాబట్టి 1939లో ఇంగ్లండుకి పారిపోయింది. యుద్ధకాలంలో ఫ్యాక్టరీలో పనిచేసింది. 1954లో అమెరికా చేరి, అనువాదాలతో, చిన్నచిన్న పరిశోధక భృతులతో నెట్టుకొచ్చి 1980లో పోయింది. స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. ఆమె రాసుకున్న మినిట్స్‌ని పండితులు విరివిగా వాడుకుంటారు, మిగతా మగవాళ్లు ఏమన్నారో తెలుసుకోవడానికి. ఆ మిగతా మగవాళ్లలో కార్నాప్ పెట్టెలు కూడా ఆ ఆర్కైవ్‌లోనే ఉన్నాయి, రామ్సే పెట్టెలతో పాటు. రోజ్ రాండ్ సొంతంగా ఏమనుకుందో రాసుకున్న కాగితాలు ఆమె పెట్టెల్లో ఉన్నాయి.