కిటికీలు మూసి కుండీలు పెడితే గాలి రాదు

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిక చేసి చదవండి.

ఉగాదికి మన సంఘం హాలుకు రంగులు వేయించారు, సంతోషం. ఆ రంగు వాసనకు పెద్దవాళ్లిద్దరు దగ్గుకుంటూ బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నారు. కిటికీలు తీయమని మేము అడిగితే కమిటీ వారి జవాబు ఇదీ: "ఏసీ నడుస్తోంది, తీయడం కుదరదు. పన్నెండు స్పైడర్ ప్లాంట్లు పెట్టాం కదా, గాలిని అవే శుభ్రం చేస్తాయి. నాసా వాళ్లే చెప్పారు."

నాసా మాట సగమే చెబితే ఎలా? 1989 నాటి ఆ ప్రయోగాలు జరిగింది గాలి చొరబడని చిన్న గదుల్లో. మనుషులు వచ్చిపోయే హాలు సంగతి వేరు. 2019లో కమింగ్స్, వారింగ్ అనే ఇద్దరు పరిశోధకులు పాత ప్రయోగాల లెక్కలు తిరగేసి చూశారు. భవనంలోకి మామూలుగా వచ్చిపోయే గాలి చేసే పని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేల్చారు. హాలు 100 చదరపు మీటర్లే అనుకుందాం, తక్కువలో తక్కువ వెయ్యి కుండీలు. ఇక మనం కూర్చునేదెక్కడ?

మొక్క మీద మాకు కోపం లేదు. మా ఇళ్లలోనూ వేలాడుతోంది. ఆకు మధ్యలో తెల్లచార ఉన్నది విట్టాటం, అంచులు తెల్లగా ఉన్నది వేరీగేటం. ఆ తెల్లటి భాగంలో పత్రహరితం ఉండదు కాబట్టి దానికి వెలుతురు బాగా కావాలి, ఎండ మాత్రం నేరుగా తగలకూడదు. మీరేమో వేదిక పక్కన చీకటి మూలలో పెట్టారు. దాని వేర్లు దుంపల్లా లావుగా ఉండి నీళ్లు దాచుకుంటాయి. పైమట్టి ఆరాక పోస్తే చాలు. వాచ్‌మన్ చేత రోజూ బోరు నీళ్లు పోయిస్తున్నారు. వేర్లు కుళ్లడం మొదలైంది. నీళ్లలోని ఉప్పులు, ఫ్లోరైడ్ పేరుకుంటే ఆకు కొనలు మాడతాయి, అవీ మాడాయి. పాపం, ఆ మొక్కలు అడిగేదీ కిటికీయే!

పైగా వీటిని నర్సరీలో డబ్బు పోసి కొన్నారు. ఒక్క తల్లిమొక్క తీగలు వేసి, వాటి కొనల్లో పిల్లలు పెడుతుంది. పిల్లను తుంచి గ్లాసు నీళ్లలో పెడితే కొద్ది రోజుల్లో వేర్లు దిగుతాయి. అడిగి ఉంటే మన ఆడవాళ్లే ఊరికే ఇచ్చేవారు.

రంగుతో అతుక్కుపోయిన కిటికీ రెక్కలు ఊడదీయించండి. రెండు ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెట్టించండి. ఈ ఆదివారం మీటింగులో ఇదే మొదటి విషయంగా పెట్టాలని మేము పదకొండు మంది సభ్యులం సంతకాలు చేసి ఇస్తున్నాం. వచ్చేటప్పుడు కుండీల బిల్లు కూడా తీసుకురండి.