అసలు బేరం... కొసరు లెక్క

కిలో వంకాయలు తూయించాక, ఇంకో రెండు కాయలు చేత్తో తీసి సంచిలో పడేసుకోవడం గోదావరి జిల్లాల ఆడవాళ్లకి పుట్టుకతో వచ్చిన విద్య. దాన్నే కొసరు అంటారు. ధర దగ్గర చేసేది బేరం. ధర తెగాక అడిగేది కొసరు. ఈ రెండూ కలిపి ఎవరు ఎంత రాబట్టారన్నది ఇంటికొచ్చాక అరుగుల మీద చెప్పుకునే ముచ్చట.

విహారానికి తిప్పే ఓడల టికెట్లలోనూ ఉన్నవి ఈ రెండే. డిస్కౌంటు బేరం. పాత కస్టమర్లకిచ్చే మర్యాదలు కొసరు. కాకపోతే ఇక్కడ తూకంరాళ్లు అమ్మేవాడి చేతిలో ఉంటాయి.

నరసాపురం వాళ్లకి నీటి ప్రయాణం కొత్తేం కాదు. మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కి వశిష్ఠ దాటి సఖినేటిపల్లిలో దిగడం వాళ్లకి బస్సెక్కినంత మామూలు. 17వ శతాబ్దంలో సముద్రానికి వెళ్లే ఓడల్ని ఈ ఊళ్లోనే కట్టేవారు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మాధవాయిపాలెంలో మకాం పెడితే, ఇక్కడి బట్ట 'మాడాపొలం' పేరుతో దేశదేశాలు తిరిగింది. అయితే సరదా కోసం ఓడెక్కడమన్నది మాత్రం ఈ మధ్య మాట. 2022 జూన్‌లో కార్డీలియా వారి 'ఎంప్రెస్' విశాఖ రేవుకి వచ్చింది. 1990లో ప్రయాణాలు మొదలుపెట్టిన ఈ పదకొండు అంతస్తుల ఓడ అంతకుముందు రాయల్ కరీబియన్ కంపెనీది. 2023 సెప్టెంబరులో విశాఖలో క్రూజ్ టెర్మినల్ కూడా తెరిచారు. దాంతో 'ఓడ షికారు' ప్రకటనలు మన పేపర్లలోకీ వచ్చేశాయి.

2025 వేసవిలో అలాంటి ప్రకటన ఒకటి నరసాపురంలో ఓ రిటైర్డు మాస్టారి ఇంట్లో చర్చకొచ్చింది. విశాఖలో ఎక్కితే పుదుచ్చేరి మీదుగా చెన్నైలో దించుతారు. 'రెండో మనిషికి 50 శాతం తగ్గింపు!' అని పెద్దక్షరాలు. మాస్టారు ఉత్సాహపడ్డారు. ఆయన భార్య మాత్రం కళ్లజోడు పెట్టుకుని అడుగున ఉన్న చిన్నక్షరాలు చదవడం మొదలుపెట్టారు. కారణం ఉంది. డబ్బు ఆవిడది. ఏళ్ల తరబడి లేసు అల్లి, పోస్టాఫీసులో కూడబెట్టుకున్న 60 వేలు. కుట్టు ఒక్కటి తప్పితే అల్లికంతా విప్పాల్సిన పనిలో కళ్లు పోగొట్టుకున్న మనిషి, లెక్కలో తప్పు పోనిస్తుందా!

ఓడ ధరలు తేదీని బట్టీ, గదిని బట్టీ రోజూ మారుతుంటాయి. అందుకే లెక్క తెలియడానికి గుండ్రని అంకెలు వేసుకుందాం. టికెట్టు తలకి 30 వేలు. రెండో మనిషికి సగం, అంటే 15 వేలు. మొత్తం 45 వేలు. 'సగానికి సగం' అన్నది ఇద్దరి టికెట్టు మీద పావువంతే అయింది. అక్కడితో ఆగుతుందా? రేవు చార్జీలు తలకి 5 వేల చొప్పున 10 వేలు. పన్నులూ, సర్వీసు చార్జీలూ ఇంకో 6 వేలు. వీటి మీద తగ్గింపు ఉండదు. వెరసి 61 వేలు. అసలు తగ్గింపే లేకపోతే 76 వేలయ్యేది. అంటే 50 శాతమని చెప్పిన డిస్కౌంటు బిల్లు దగ్గరకొచ్చేసరికి 20 శాతానికి కూడా రాలేదు.

''ఇంకెవరైనా ఇంకోలా ఇస్తున్నారేమో అడగండి'' అన్నారావిడ. మాస్టారు భీమవరంలో ఓ ట్రావెల్ ఏజెంటుకి ఫోన్ చేస్తే, అతను ఇద్దరికీ 30 శాతం తగ్గిస్తానన్నాడు. ''50 ఎక్కడ, 30 ఎక్కడ!'' అని మాస్టారు ఫోన్ పెట్టేయబోయారు. ఆవిడ కేలండరు కాగితం వెనక లెక్క కట్టారు. 60 వేలలో 30 శాతం పోతే 42 వేలు. దానికి 16 వేలు కలిపితే 58 వేలు. ముప్పై శాతం వాడిదే 3 వేలు చవక! లెక్కల మాస్టారు కాసేపు మాట్లాడలేదు.

ఇంకో సంగతి. ఓడ బేరంలో అన్నిటికన్నా పెద్ద డిస్కౌంటు ఏ ప్రకటనలోనూ ఉండదు. అది తేదీలో ఉంటుంది. వానాకాలంలో అరేబియా సముద్రం పోటు మీద ఉంటుంది కనక, మనవైపు ఓడ వచ్చేది ఎక్కువగా అప్పుడే. అప్పటికి మన దగ్గర బడులు తెరిచేస్తారు. పిల్లలున్న సంసారాలు కదలవు. 2025లో జూలై చాలావరకు ఆషాఢమే. పెళ్లిళ్లూ లేవు, పేరంటాలూ లేవు. పెన్షన్ మీద బతికే ఇద్దరు మనుషులకి వారం మధ్యలో బయల్దేరడానికి అడ్డేముంది? బట్టల షాపులవాళ్లు ఆషాఢం తగ్గింపులు ఎందుకు పెడతారో, ఓడలవాళ్లు ఖాళీ గదులు చవగ్గా ఎందుకిస్తారో, రెండిటికీ కారణం ఒకటే. అడిగేవాళ్లు తక్కువైనప్పుడే అడగాలి. గది సంగతీ అంతే. కిటికీ లేని లోపలి గదికి, బాల్కనీ గదికి మధ్య తేడా ఏ కూపనూ పూడ్చలేనంత ఉంటుంది. రాత్రి నిద్రకి తప్ప గదిలో ఉండనివాళ్లు లోపలి గది తీసుకుని డెక్కు మీద కూర్చోవచ్చు. సముద్రం అందరికీ ఒకటే.

బేరం అయింది, ఇక కొసరు. బెంగళూరులో ఉన్న కూతురి క్రెడిట్ కార్డు మీద '10 శాతం తగ్గింపు' ఉంది. చిన్నక్షరాల్లో చూస్తే 2 వేలకి మించదట. పోనీ, 2 వేలైనా 2 వేలే. కార్డులో 8 వేల పాయింట్లు పోగుపడి ఉన్నాయి. అవి 8 వేల రూపాయలు కావు. పాయింటుకి పావలా లెక్కన ఇంకో 2 వేలు. వాయిదాల్లో కడితే వడ్డీ లేదన్నారు గానీ, అప్పుడు ప్రాసెసింగ్ ఫీజు పడుతుందట, పైగా ఆ 10 శాతం వర్తించదట. ఒకేసారి కట్టేస్తామన్నారు. 58 వేలు కాస్తా 54 వేలకి దిగింది.

ఏజెంటు ఇంకో ఆశ చూపాడు. రేటు కొంచెం ఎక్కువైన ఇంకో ప్యాకేజీ తీసుకుంటే ఓడ మీద ఖర్చు పెట్టుకోవడానికి 5 వేల 'క్రెడిట్' ఇస్తారని. ఇలాంటి క్రెడిట్లు మామూలుగా ఓడ దిగేలోపు వాడకపోతే పోతాయి. చేతికి డబ్బుగా రావు. మద్యం ముట్టరు, మసాజులకి వెళ్లరు. భోజనం ఎలాగూ టికెట్లోనే ఉంది. ఇక ఆ 5 వేలు దేనికి? ఎలాగూ కొనేదాని మీద వచ్చిందే కొసరు. వంకాయల కోసం వెళ్లినవాడికి కొసరుగా కాకరకాయలు వేస్తే, అందులోనూ ఆ ఇంట్లో కాకరకాయ తినేవాళ్లే లేకపోతే, మోత బరువే గదా.

రైల్లో పెద్దవాళ్ల రాయితీ ఉంటుందిగా అని మాస్టారు ధీమాగా ఉన్నారు. అది 2020 మార్చిలోనే ఆగిపోయిందని కూతురు గుర్తుచేసింది. విశాఖ వెళ్లడానికి, చెన్నై నుంచి తిరిగి రావడానికి, మధ్యలో ఒక రాత్రి లాడ్జికి కలిపి 5,500 వేసుకున్నారు. మొత్తం 59,500. లేసు డబ్బులో 500 మిగులు.

ఈలోగా డల్లాస్ నుంచి కొడుకు ఫోన్. ''అదంతా ఎందుకమ్మా! వచ్చే ఏడాది మీరిద్దరూ ఇక్కడికి వస్తున్నారుగా. గాల్వెస్టన్‌లో ఓడెక్కుదాం. నేను రాయల్ కరీబియన్‌లో డైమండ్ మెంబర్ని. రోజుకి నాలుగు డ్రింకులు ఫ్రీ, కాఫీ కూడా తాగొచ్చు'' అన్నాడు. డల్లాస్, హ్యూస్టన్ చుట్టుపక్కల తెలుగువాళ్లకి గాల్వెస్టన్ రేవు బాగా తెలిసిందే. కారేసుకుని వెళ్లి ఓడెక్కి మెక్సికో చూసి వచ్చేస్తారు.

డైమండ్ అంటే ఏమిటని అడిగిందా తల్లి. ఓడలో గడిపిన ఒక్కో రాత్రికి ఒక్కో పాయింటు. పెద్ద సూట్ తీసుకుంటే రెండు. 3 పాయింట్లకి గోల్డ్, 30కి ప్లాటినం, 55కి ఎమరాల్డ్, 80కి డైమండ్. ఆ పైన 175కి డైమండ్ ప్లస్. ఆవిడ వేళ్ల మీద లెక్కేసింది. వారం రోజుల ఓడకి 7 పాయింట్లు. 80 కావాలంటే...

''పన్నెండుసార్లు ఓడెక్కావా నాన్నా! ఇంటికి మాత్రం నాలుగేళ్లకోసారి వస్తావు.''

అటువైపు కాసేపు మాట లేదు. ఇలాంటి మెంబర్‌షిప్పులతో వచ్చే చిక్కే ఇది. కంపెనీ ఇచ్చే కాఫీ కోసం ఇంకో ప్రయాణం, దాంతో వచ్చే మెట్టు కోసం మరో ప్రయాణం. పైగా మెట్ల నియమాలు రాసేది వాళ్లు, మార్చేదీ వాళ్లే. 2026 జూన్ నుంచి రాత్రుళ్ల లెక్క మానేసి ఖర్చు చేసిన డాలర్ల లెక్కకి మారతామని కార్నివాల్ కంపెనీ 2025లోనే ప్రకటించింది. ఆ కంపెనీ షేర్లు వంద ఉన్నవాళ్లకి ఓడ మీద కొంత క్రెడిట్ ఇచ్చే పద్ధతీ ఉంది. ఉన్నవాళ్లు అడిగి తీసుకోవాల్సిందే. దాని కోసమే షేర్లు కొనడం మాత్రం పాలు చవగ్గా వస్తాయని గేదెల పాకకి పొత్తు చేరడం.

''మరి నీ డైమండు మాకూ వర్తిస్తుందా?'' అడిగారు మాస్టారు. కొడుకు వాకబు చేసి చెప్పాడు. ఒకే చిరునామాలో ఉండే భార్యకి, పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకి వర్తిస్తుంది. నరసాపురంలో ఉండే అమ్మానాన్నలకి వర్తించదు.

''అంటే మేం మీ ఇంటివాళ్లం కాదన్నమాట'' అంది తల్లి. నవ్వుతూనే అంది.

అయితే అక్కడే ఒక దారి దొరికింది. అమెరికా ఓడల్లో కొన్ని ప్రయాణాలకి 55 ఏళ్లు దాటినవాళ్లకి తక్కువ రేటు ఉంటుంది. గదిలో ఒక్కరికి ఆ వయసుంటే చాలు, గది మొత్తానికి వర్తిస్తుంది. మామూలుగా అయితే వాళ్లు ఆరుగురికీ గదులు ఎలా పంచుకుంటారు? ముసలివాళ్లిద్దరూ ఒక గది, కొడుకు సంసారం ఒక గది. అలా అయితే పెద్దవాళ్ల రేటు ఒక్క గదికే. డైమండ్ మర్యాద రెండో గదికే. అదే ఆడవాళ్లంతా ఒక గది, మగవాళ్లంతా ఒక గది అనుకుంటే? అత్త, కోడలు, మనవరాలు ఒకవైపు. తాత, కొడుకు, మనవడు ఒకవైపు. పెళ్లి విడిదిలో పడుకున్నట్టు! ఇప్పుడు రెండు గదుల్లోనూ 55 దాటిన మనిషి ఉంది. రెండు గదుల్లోనూ డైమండ్ ఉంది. గదిలో మూడో మనిషికి రేటు మామూలుగానే తక్కువ. రెండు తగ్గింపులూ ఒకే టికెట్టు మీద కలవకపోవచ్చు. అప్పుడు రెండు విధాలా లెక్క వేయించి ఏది తక్కువైతే అది తీసుకోవాలి. మెంబరుకిచ్చే కాఫీలూ పానీయాలూ మాత్రం టికెట్టు ఏ రేటుకి కొన్నా పోవు.

టిప్పుల సంగతీ ముందే చూసుకోవాలి. అక్కడ తలకి రోజుకి 16 నుంచి 20 డాలర్ల దాకా బిల్లులో వేసేస్తారు, పిల్లలకి కూడా. 18 అనుకున్నా ఆరుగురికి ఏడు రాత్రులకి 756 డాలర్లు. ఓడ క్రెడిట్ చేతిలో ఉంటే టిప్పులు ముందే కట్టేయకూడదు. ఓడ ఎక్కాక ఖాతాలో పడనిచ్చి, క్రెడిట్‌ని అందులో జమ చేసుకుంటే అప్పుడది నిఖార్సయిన డబ్బు. ఇంకొకటి. టికెట్టు కొన్నాక కూడా, పూర్తి సొమ్ము కట్టే గడువు దాటేలోపు రేటు తగ్గితే కొత్త రేటు అడగొచ్చు. అడగనివాళ్లకి వాళ్లంతట వాళ్లు తగ్గించరు. ఇక్కడి నుంచి వెళ్లేవాళ్లు ఓడ మీద మన కార్డు గీస్తే, డాలర్ల మార్పిడి కింద నూటికి రెండు మూడు రూపాయలు పోతాయి. వచ్చే పాయింట్ల విలువ అందులో సగం కూడా ఉండదు.

''మీ వజ్రం కన్నా మా ముసలితనమే ఎక్కువ పలుకుతోందిరా'' అందా తల్లి. కొడుకు గట్టిగా నవ్వాడు. గాల్వెస్టన్‌కి ఆ పద్ధతిలోనే రేటు కనుక్కుంటానన్నాడు. ''అప్పటిదాకా ఈ విశాఖ ఓడ మానేయకూడదూ, డబ్బు నేను పంపిస్తాగా'' అని కూడా అన్నాడు.

ఆవిడ ఒప్పుకోలేదు. జూలై తేదీకి, లోపలి గదికి, ఏజెంటు చెప్పిన 30 శాతం రేటుకి టికెట్లు తీయించారు. కాగితాలు రాగానే ఇద్దరి పేర్లూ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో అక్షరమక్షరం సరిచూసుకుని, లేసు దారపు ఉండల డబ్బాలో పెట్టి మూత వేశారు.