పండగ పెట్టుబడి, పంట పెట్టుబడి



నెలగంట పెట్టేశారు. ఇంక నెల తిరిగేలోపు సంక్రాంతి. ఈ రోజుల్లో మన ఇళ్ళల్లో రాత్రి అన్నాలు తిన్నాక జరిగే లెక్కలు అందరికీ తెలిసినవే. కూతురికి చీర, అల్లుడికి ప్యాంటు షర్టు, మనవడికి బట్టలు, ఆడబిడ్డకు ఒకటి, వియ్యపురాలికి ఒకటి అని మొదలుపెడతాం. చివరికి "ఎవుర్ని అడుగుదాం?" అనే మాట కాడ ఆగతాది లెక్క. అడగడం అంటే అప్పు అడగడమే. ఈ ఏడు దీని గురించి నాలుగు మాటలు నిక్కచ్చిగా చెప్పాలని రాస్తా ఉండా. కొంచెం పొడుగైతాది, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక సంగతి. సంక్రాంతి అంటే కోతల పండగ, ధాన్యం ఇంటికొచ్చే పండగ అని టీవీల్లో చెప్తా ఉంటారు. గోదావరి జిల్లాలకు అది నిజం. వాళ్ళకి సార్వా కోతలు నవంబరు, డిసెంబరు నెలల్లో అయిపోతాయి. మన పెన్నా డెల్టాలో, సముద్రం అంచున ఉండే మండలాల్లో ఆ లెక్క కుదరదు. మనకు పెద్ద పంట రబీ. ఈశాన్యం వానలు, సోమశిల నీళ్ళు చూసుకుని నారు పోస్తాం, నాట్లు వేస్తాం. కోతలు ఫిబ్రవరి ఆఖర్లో మొదలైతే ఏప్రిల్ దాకా సాగతాయి. కాబట్టి సంక్రాంతి నాటికి మన చేను పచ్చగా ఉంటాది, చేతిలో పైసా ఉండదు. దుక్కికి, నాట్లకు, మందులకు ఉన్నదంతా అప్పటికే మడిలో పోసేసి ఉంటాం. కౌలు రైతైతే కౌలు కూడా ముందే కట్టేసి ఉంటాడు.

దానికి తోడు తుపాన్లు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల కాడ తీరం దాటింది. ఆ వానకు మన జిల్లాలో నారుమళ్ళు, కొత్తగా వేసిన నాట్లు మునిగిపోయినాయి. పోసిన నారు మళ్ళీ పోసుకున్నోళ్ళు ఎందరో. ఆ తర్వాత నెలా పది రోజులకు సంక్రాంతి. ఆ ఏడు కూడా బట్టల లెక్క తగ్గించిన ఇల్లు మా వైపు నాకు పెద్దగా కనపడలేదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. కూతురికి పెళ్ళైన మొదటి సంక్రాంతి అనుకోండి. పొదుపుగా అనుకున్నా, బట్టలు, పిండివంటలు, అల్లుడి చేతిలో పెట్టేది అంతా కలిపి పాతికవేలు అప్పు తెచ్చామనుకుందాం. నూటికి రెండు రూపాయల వడ్డీ. జనవరి సగం నుంచి ఏప్రిల్ ఆఖరికి మూడున్నర నెలలు, వడ్డీ 1,750. మొత్తం 26,750. 2025-26కి మామూలు రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలు 2,369 రూపాయలు. మన పుట్టి 850 కిలోలు గదా, పుట్టికి 20,136 వస్తాది. అంటే ఆ పండగకు మనం పెట్టింది పుట్టీ మూడో వంతు వడ్లు. ఎకరాకు మూడు పుట్లు పండినా, ఎకరా పంటలో సగానికి దగ్గర దగ్గర అన్నమాట. అదీ ఎరువులు, కోత మిషను, కూలి ఖర్చులు తియ్యకముందు. రేటు పడిపోయిన ఏడైతే ఇంకా ఎక్కువ పోతాది. చేను ఇంకా పాలుపోసుకోకముందే ఎకరంలో సగం తినేశాం.

సరే, కూతురికి, అల్లుడికి పెట్టుకోవడం తప్పా అంటారు. తప్పని నేననను. మనం పెట్టింది ఎదుటివాళ్ళకు ఉపయోగపడతా ఉందా అనేదే నా మాట.

పెట్టుబడి చీర అని ఒక రకం ఉంది. బట్టల షాపులో ఆ మాట అంటే చాలు, వేరే బీరువాలోంచి కట్టలు కట్టలు తీసి ముందేస్తారు. దాన్ని కట్టుకోవడానికి ఎవురూ కొనరు, పెట్టడానికే కొంటారు. తీసుకున్నామె కూడా కట్టదు. బీరువాలో పెట్టి, వచ్చే శుభకార్యానికి ఇంకొకరికి పెడతాది. కొన్ని చీరలు మడత విప్పకుండానే నాలుగూళ్ళు తిరిగొస్తాయి. అట్టాంటివి పది కొంటే ఐదారు వేలు. ఆరు వేలంటే డీఏపీ కట్ట 1,350 లెక్కన నాలుగు కట్టలు కొనుక్కున్నా ఇంకా ఆరొందలు మిగులుతాయి. మడికి పెట్టేదీ పెట్టుబడే, మనిషికి పెట్టేదీ పెట్టుబడే అంటాం మనం. మడిలో పెట్టింది గింజై తిరిగొస్తాది. ఈ చీరల్లో పెట్టింది బీరువా దాటదు.

ఇది మన పిచ్చి ఒక్కటే కాదులెండి. అమెరికాలో జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అని ఒక ఆర్థికశాస్త్రం ప్రొఫెసరు 1993లో క్రిస్మస్ కానుకల మీద ఒక వ్యాసం రాశాడు. కానుకలు అందుకున్న విద్యార్థుల్ని, "నీకు వచ్చినదానికి నువ్వైతే ఎంత విలువ కడతావు?" అని అడిగాడు. కొన్న ధరలో పదో వంతు మొదలుకొని మూడో వంతు దాకా విలువ తగ్గిపోతా ఉందని ఆయన లెక్క తేల్చాడు. దగ్గరి స్నేహితులు ఇచ్చినదాంట్లో నష్టం తక్కువ, దూరపు చుట్టాలు ఇచ్చినదాంట్లో ఎక్కువ. కారణం మనకూ తెలిసిందే. దగ్గరోళ్ళకు మన అవసరం తెలుసు, దూరపోళ్ళకు తెలీదు. డాలర్లున్న దేశంలోనే అట్టా ఉంటే, వడ్డీకి తెచ్చి పెట్టే మన సంగతి చెప్పాలా.

అవసరం తెలుసుకుని ఇవ్వడం ఎట్టాగో మనకు ఎవురూ నేర్పక్కర్లేదు. మన నెల్లూరు రొట్టెల పండగే ఉంది. మొహర్రం నెలలో బారా షహీద్ దర్గా కాడ, స్వర్ణాల చెరువులో మోకాళ్ళ లోతు నీళ్ళల్లో నిలబడి జనం ఏం చేస్తారు? "చదువు రొట్టె ఎవురి దగ్గర ఉంది?" "పెళ్ళి రొట్టె ఎవురికి కావాల?" అని గట్టిగా అడుగుతారు. సంతానం రొట్టె, ఆరోగ్యం రొట్టె, ఉద్యోగం రొట్టె, సొంతింటి రొట్టె. కోరిక తీరినోళ్ళు ఇస్తారు, కోరిక ఉన్నోళ్ళు తీసుకుంటారు. తీరినాక వాళ్ళొచ్చి ఇంకొకరికి ఇస్తారు. హిందువా, ముస్లిమా అని చూసేది లేదు. రొట్టె ఖరీదెంత? గుప్పెడు పిండి. అయినా ఆ ఒక్క రొట్టె కోసం దూరదూరాల నుంచి వస్తారు. ఎందుకంటే ఆడ ఇచ్చే మనిషి ముందు "నీకేం కావాల?" అని అడుగుతాడు. ముక్కూ మొహం తెలియని మనిషిని నీళ్ళల్లో నిలబడి అడగగలిగినోళ్ళం, సొంత కూతుర్ని, సొంత చెల్లెల్ని అడగలేకపోతా ఉన్నాం.

అడగలేకపోవడానికి కారణం ఉంది. మర్యాద. "అల్లుడికి ఏం పెట్టారు?" అని నలుగురూ అడుగుతారని భయం. పెట్టకపోతే అత్తగారింట్లో మన పిల్ల మాట పడతాదని అంతకంటే పెద్ద భయం. ఆ భయం ఉత్తది కాదు, అందుకే ఆడపిల్లని కన్న తండ్రిని నేను తప్పు పట్టను. "నా దగ్గర లేదు, ఈ ఏడు పెట్టలేను" అని ఆయన నోటితో ఆయన చెప్పలేడు. 2022లో నరసాపురంలో కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించిన వీడియో ఊరూరా తిరిగింది గదా. అది చూసి నవ్వుకున్నోళ్ళు కొందరైతే, మనసులో లెక్కలేసుకున్నోళ్ళు ఇంకొందరు.

అందుకని నా మాట ఇది. ఖర్చు తగ్గించమని చెప్పాల్సింది పెట్టేవాళ్ళు కాదు, తీసుకునేవాళ్ళు. మగపిల్లోణ్ణి కన్నోళ్ళు, మేనమామ చేత పెట్టించుకునేవాళ్ళు, అన్న ఇంటికి పోయే ఆడబిడ్డలు ముందు నోరు తెరవాల. పండగకు పదిహేను రోజుల ముందే ఒక ఫోను చెయ్యండి. "వదినా, ఈ ఏడు బట్టలేం తీయొద్దు. పిల్లలు వచ్చి మీ ఇంట్లో రెండు రోజులు ఉండిపోతారు, అది చాలు" అనండి. ఆ ఒక్క ఫోనుతో వియ్యంకుడికి పాతికవేలు మిగిల్చినట్టు. అంతకంటే పెద్ద కానుక మీరు ఆయనకు ఏం పెట్టగలరు? కొడుక్కి కూడా ముందే చెప్పండి. కుర్రోళ్ళు ఉద్యోగాలు చేసుకుంటా ఉంటారు, వాళ్ళకు మామ తీసిచ్చే షర్టుతో పనుండదు. పెద్దోళ్ళు చెప్తే వింటారు.

ఇంకొకటి. బట్టలు పెట్టాలనే ఉంటే ఉగాదికో, శ్రీరామనవమికో మార్చుకుందాం. మనకు కోతలు ఆ రోజుల్లోనే. వడ్లమ్మిన డబ్బు చేతిలో ఉంటాది, వడ్డీ ఉండదు. గోదావరోళ్ళ క్యాలెండరు మనం ఎందుకు మొయ్యాల? సంక్రాంతికి ముగ్గులు, గొబ్బెమ్మలు, అరిసెలు, పశువులకు కనుమ, పెన్నా ఒడ్డున ఏటి పండగ ఎట్టాగూ ఉన్నాయి. వాటికి అప్పు అక్కర్లేదు.

మరి చేతులు ఊపుకుంటా పంపాలా అంటే, వద్దు. ఇయ్యడానికి మన దగ్గర శానా ఉన్నాయి.

ఇంట్లో నిలవపెట్టుకున్న పాత వడ్లు నలభై కిలోలు మిల్లులో ఆడిస్తే అటూ ఇటుగా పాతిక కిలోల బియ్యం వస్తాయి. మద్దతు ధర లెక్కన మనకు పడేది వెయ్యికి లోపల. పట్నంలో ఉండే కూతురికి అదే మూట కొనాలంటే ఎంతవుతాదో ఆమెనే అడగండి. పైగా ఏ మందు ఎన్నిసార్లు కొట్టామో మనకు తెలిసిన చేనులో పండినవి. సొంత వాడకానికి తక్కువ మందులతో పండించుకున్నవైతే ఇంకా మంచిది. తీరం ఇసక నేలల్లో వేరుశనగ వేసేవాళ్ళు నాలుగు కిలోల కాయలు, మినుములు వేసేవాళ్ళు రెండు కిలోల పప్పు, ఆవో గేదో ఉన్నోళ్ళు ఒక సీసా నెయ్యి. ఇంటావిడ పెట్టిన నిమ్మకాయ ఊరగాయ జాడీ. ఇవి బీరువాలోకి పోవు, పొయ్యి మీదికి పోతాయి. తిన్నన్నాళ్ళూ మనల్ని తలుచుకుంటారు.

కొనే ఇయ్యాలంటే పది కొనొద్దు, ఒకటి కొనండి. పది పెట్టుబడి చీరల డబ్బుతో, అమ్మ కట్టుకునే వెంకటగిరి నూలు చీర మంచిది ఒకటి వస్తాది. నేతగాడికి కూడా నాలుగు రూపాయలు పోతాయి. కొత్త కాపురం పెట్టినోళ్ళకు ఉదయగిరి చెక్క గరిటెలు ఇవ్వండి. తక్కువలో వస్తాయి, ఏళ్ళ తరబడి చేతిలో ఆడతాయి. పదేళ్ళలోపు మనవరాలుంటే, ఆరు నెలల్లో పొట్టైపోయే గౌను బదులు ఆ పిల్ల సుకన్య ఖాతాలో వెయ్యండి. ఏడాదికి 250 రూపాయలు కట్టినా ఆ ఖాతా నడస్తాది. మనవడు పుట్టిన ఇంటికి ఒక కొబ్బరి మొక్క, లేకపోతే ఒక మామిడి అంటు. వాడితో పాటే పెరగతాది.

డబ్బు లేకపోతే పని ఇవ్వండి. ట్రాక్టరు ఉన్నాయన, మొగుడు పోయి ఒంటరిగా సేద్యం చేసుకునే చెల్లెలి మడికి ఒక సాలు ఉచితంగా దున్ని పెడితే అది చీర కంటే తక్కువా? ముసలోళ్ళైన మేనత్తను పండగ ముందు ఆస్పత్రికి తీసుకుపోయి కళ్ళు చూపించి తెస్తే తక్కువా? వెనకటికి నాట్లకు బదుళ్ళు పోయేవాళ్ళం. ఒకరి మడిలో ఒకరు వంగేవాళ్ళం. అదీ పెట్టడమే, దానికి రసీదు ఉండదంతే.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాల. తగ్గించేటప్పుడు పైనుంచి తగ్గించండి, కిందనుంచి కాదు. డబ్బు తక్కువైన ఏడు మనం మొదట కోసేది ఎవురిది? ఏడాదంతా మన మడిలో నాట్లేసి, కలుపు తీసిన ఆమెకు పెట్టే చీర. గొడ్లు కాసే పిల్లోడి చొక్కా. గంగిరెద్దులాయనకు పోసే చేటెడు బియ్యం. వాళ్ళు అడగరు, నలుగురిలో మాట అనరు, కాబట్టి కోసేస్తాం. అల్లుడిది మాత్రం అప్పు చేసైనా పెడతాం. బీరువాలో పది చొక్కాలున్నాయనకు పదకొండోది పెట్టి, ఉన్న రెండిట్లో ఒకటి చిరిగిపోయినామెకు ఎగ్గొట్టడం పెట్టడం ఎట్టైతాది? మన ఇంటి నుంచి పోయే బట్టల్లో పోయిన రోజే ఒంటి మీదికి ఎక్కేది వాళ్ళదే. చీర ఒక్కటే తీయగలిగితే అది నాట్లేసినామెకు తీయండి. కూతురికి బియ్యం మూట కట్టండి.

చదివింపుల సంగతి వేరే అంటారు కొందరు. ఒప్పుకుంటా. పెళ్ళిలో పుస్తకంలో రాయించి ఇచ్చింది మన ఇంట్లో పెళ్ళికి తిరిగొస్తాది. అది ఊరంతా కలిసి వేసుకున్న చీటీ లాంటిది, అవసరానికి ఆదుకుంటాది. దాన్ని ఎవురూ మాననక్కర్లేదు. నేను చెప్పేది ఎవురికీ అక్కరకు రాకుండా, అందర్నీ అప్పుల్లోకి దించే పండగ పెట్టుడు గురించి.

ఇదంతా ఒక ఇంటితో మారేది కాదు. ఒక్కడే తగ్గిస్తే పిసినారి అంటారు. ఊళ్ళో పది ఇళ్ళు కలిసి అనుకుంటే అదే ఆనవాయితీ అవుతాది. రచ్చబండ కాడో, కాలవ గట్టు మీదో, టీ కొట్టు కాడో నలుగురు కలిసినప్పుడు ఈ మాట ఎత్తండి. ముఖ్యంగా కొడుకులున్న తల్లిదండ్రులారా, ఈ వారంలోనే ఆ ఫోను చెయ్యండి. అవతల వియ్యంకుడు రాత్రిపూట లెక్కలేసుకుంటా ఉంటాడు. ఆయన ఎవురి గుమ్మమో ఎక్కకముందే మీ మాట ఆయన చెవిన పడాల.

అందరి చేలూ చల్లగా ఉండాలి. పండగ బాగా చేసుకోండి.