కోడ్ మీరే చదవండి.. చూసినందుకు ఫీజు కూడా ఇవ్వండి

గోదావరిఖనిలో కారు డ్యాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే సాధారణంగా రెండు పనులు జరుగుతాయి. ఒకటి, దాని మీద చిన్న స్టిక్కర్ అంటిస్తారు. నవ్వకండి, మా క్వార్టర్ల లైన్లోనే చూశాను. రెండోది, ఇంట్లో ఇంజినీరింగ్ చదివిన పిల్లాడు ఉంటే వాణ్ని పిలుస్తారు. మా ఇంట్లో ఆ పిల్లాణ్ని నేనే. "ఇంత చదివినవ్ కదరా, గీ పసుపు లైటేందో చూడు" అన్నాడు మా బాపు.

అప్పటికి బీటెక్ అయి ఏడు నెలలు. ఉద్యోగం లేదు. సింగరేణి నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందా అని రోజూ ఫోన్ చూసుకునే బ్యాచ్‌లో నేనూ ఒకణ్ని. పైగా ఫైనలియర్‌లో నా ప్రాజెక్టే బ్లూటూత్‌తో కారు కోడ్లు చదివే యాప్. అంటే బాపు సరైన మనిషినే అడిగాడని నా నమ్మకం. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో అడాప్టర్ పెట్టాను, ఫోన్‌లో యాప్ తెరిచాను. పీ0171 అని వచ్చింది. ఇంజిన్‌లో గాలి పాలు ఎక్కువై, పెట్రోల్ పాలు తక్కువైందని దాని అర్థం. ఇంటర్నెట్‌లో వెతికితే పది మందిలో ఆరుగురు ఆక్సిజన్ సెన్సర్ మార్చమన్నారు. మార్పించాను. మూడు వేల చిల్లర అయింది. లైట్ ఆరిపోయింది. ఆ రోజు మా ఇంట్లో నా పరపతి గురించి చెప్పక్కర్లేదు.

నాలుగో రోజు గోదావరి బ్రిడ్జి దాటి మంచిర్యాల పోతుంటే లైట్ మళ్లీ వెలిగింది. అదే కోడ్.

ఇక తప్పక, సెన్సర్ అమ్మిన షాపుకు కాకుండా, ఇంకో అన్న షెడ్డుకు తీసుకెళ్లాం. ఆయన కూడా ముందు కోడే చదివాడు. కానీ అక్కడ ఆగలేదు. ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె తెరిచాడు. మిశ్రమం సరిగ్గా ఉండటానికి కంప్యూటర్ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె అది. అటూ ఇటూ పది శాతం లోపు ఉంటే పెద్దగా పట్టించుకోరు. బండి నిలబడి ఉన్నప్పుడు మా కారు ట్రిమ్ ప్లస్ 4. రోడ్డు మీదికి తీసుకెళ్లి యాక్సిలరేటర్ తొక్కితే ప్లస్ 22. "సెన్సర్ మంచిగనే చెప్తంది తమ్మీ. లోడ్ పడ్డప్పుడు పెట్రోల్ అందుతలేదు" అన్నాడు. ప్రెషర్ గేజ్ తగిలించి చూస్తే నిజంగానే ప్రెషర్ పడిపోతోంది. ట్యాంకులోని పంపు అడుగున ఉండే జాలీ మురికితో మూసుకుపోయింది. జాలీకి, కూలీకి కలిపి అయింది కొన్ని వందలే. కానీ బిల్లులో ఇంకో లైను ఉంది: చెక్ చేసినందుకు 500.

"చూసినందుకే ఐదు వందలా? ఏం మార్చిండని?" అని బాపు అక్కడే గొడవకు దిగాడు.

ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే. మూడు వేలు పెట్టి అవసరం లేని సెన్సర్ కొన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ గొడవ పడలేదు. ఎందుకంటే చేతికి ఒక వస్తువు వచ్చింది. రోగం పట్టుకున్న పనికి మాత్రం ఐదు వందలు ఎక్కువయ్యాయి. ఇది మా బాపు ఒక్కడి అలవాటు కాదు. కంపెనీ క్వార్టర్, కంపెనీ కరెంటు, ఏరియా ఆస్పత్రి మధ్య పెరిగినవాళ్లం. డాక్టరుకు కన్సల్టేషన్ ఫీజు అనేది ఒకటుంటుందని చాలామందికి కరీంనగర్‌లో ప్రైవేటు ఆస్పత్రి మెట్లు ఎక్కినప్పుడే తెలుస్తుంది. ఇక మెకానిక్ సంగతి చెప్పాలా? చూసినందుకు పైసా ఇవ్వం కాబట్టి, ఆయన బతకాలంటే ఏదో ఒకటి మార్చాలి. పార్టు మారిస్తేనే డబ్బు వచ్చే చోట పార్టులే మారుతుంటాయి. అందులో ఆయన మోసం ఎంతో, మన పిసినారితనం ఎంతో లెక్క వేయడం కష్టం.

మరైతే సొంతంగా కోడ్ చదవొద్దా అంటే, తప్పకుండా చదవండి. ఈ సాకెట్ అసలు పుట్టిందే బండి లోపలి సంగతి కంపెనీవాళ్ల గుట్టుగా మిగలకూడదని. అమెరికాలో 1996 మోడల్ నుంచి అన్ని కార్లకూ ఓబీడీ-2 తప్పనిసరైంది. మన దేశంలో 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చింది, 2023 ఏప్రిల్ నుంచి రెండో దశ నిబంధనలు బిగిశాయి. బైకుల్లోనూ ఇప్పుడు ఈ లైటు ఉంది. అయితే చాలా బైకులకు ఆ 16 పిన్నుల సాకెట్ ఉండదు, వేరే కేబుల్ కావాలి. అడాప్టర్ వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. దాన్ని సాకెట్‌లోనే వదిలేయకండి, బ్యాటరీ తాగుతుంది. చౌక రకాలు ఎక్కువగా ఇంజిన్ కోడ్లే చదువుతాయి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్ల సంగతి వాటికి తెలియకపోవచ్చు.

చదవడం వల్ల లాభం ఏమిటంటే, షెడ్డుకు వట్టి చేతులతో పోరు. పీ0301 అంటే ఒకటో సిలిండర్ సరిగ్గా మండట్లేదు. పీ0420 అంటే కెటలిటిక్ కన్వర్టర్ పని తగ్గింది. పీ0128 అంటే ఇంజిన్ వేడెక్కాల్సినంత వేడెక్కట్లేదు, థర్మోస్టాట్ మీద అనుమానం. పీ తర్వాత 0 ఉంటే దాదాపు అన్ని కంపెనీలకూ ఒకటే అర్థం. 1 ఉంటే కంపెనీని బట్టి మారుతుంది, కాబట్టి ఇంకో బండి తాలూకు వీడియో చూసి నిర్ణయానికి రాకండి. అమెరికా వీడియోల్లో మొట్టమొదటి సలహా పెట్రోల్ ట్యాంక్ మూత బిగించమని ఉంటుంది. మన దగ్గర చాలా కార్లలో ఆ ఆవిరి లీకు పరీక్షే ఉండదు. మూత ఎంత బిగించినా లైట్ ఆరదు.

మన దగ్గరి రోగాలు మనకున్నాయి. ఓసీపీల చుట్టూ తిరిగే బండ్ల ఎయిర్ ఫిల్టర్ తీసి చూశారా ఎప్పుడైనా? కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్లు ఈ దుమ్ములో చెల్లవు. క్వార్టర్ల దగ్గర ఎలుకలు బోనెట్‌లో దూరి వైర్లు కొరుకుతాయి. సెన్సర్ కోడ్ వస్తే సెన్సర్ కంటే ముందు దాని వైరు చూడండి. ఇక బీఎస్-6 డీజిల్ కారు కొన్నవాళ్ల కథ వేరే. ఆ పొగగొట్టంలో మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది. పట్టిన మసిని తగలబెట్టుకోవాలంటే దానికి దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. క్వార్టర్ నుంచి బాయికి, బాయి నుంచి చౌరస్తాకు, మళ్లీ ఇంటికి తిరిగే కారుకు ఆ వేడి ఎక్కడ వస్తుంది? ఫిల్టర్ నిండుతున్న తొలి హెచ్చరికకు మందు చాలాసార్లు షెడ్డులో ఉండదు, రాజీవ్ రహదారి మీద ఉంటుంది. ఒకే వేగంతో ఓ అరగంట నడపాలి. అది పట్టించుకోకుండా నెల తిప్పి, తర్వాత కోడ్ తుడిచేస్తే మాత్రం ఖర్చు వేలల్లో ఉంటుంది.

తుడిచేయడం అన్నాను కదా. మన కుర్రాళ్లు చేసే పెద్ద తప్పు అదే. యాప్‌లో క్లియర్ బటన్ కనబడగానే వేలు దురద పెడుతుంది. కోడ్ పడిన క్షణాన ఇంజిన్ ఎంత వేగంలో ఉంది, ఎంత వేడిగా ఉంది, లోడ్ ఎంత అనే వివరాలను కంప్యూటర్ ఫ్రీజ్ ఫ్రేమ్‌గా దాస్తుంది. క్లియర్ కొడితే అదీ పోతుంది. నేను సెన్సర్ మార్చిన రోజు లైట్ ఆరింది సెన్సర్ వల్ల కాదు, క్లియర్ కొట్టడం వల్ల. ఆ ఫ్రీజ్ ఫ్రేమ్ ఒక్కసారి చదివి ఉంటే, లోడ్ మీద ఉన్నప్పుడే కోడ్ పడిందని నాకూ తెలిసేది. ఇంకో మాట. లైట్ ఆగి ఆగి మిణుకుతుంటే యాప్ కోసం వెతకకండి, బండి పక్కకు ఆపండి. మండని పెట్రోల్ పోయి కన్వర్టర్‌ను కాల్చేస్తోందని దాని అర్థం. ఎర్ర ఆయిల్ లైటు, టెంపరేచర్ లైటు వచ్చినా అంతే.

మీలో కొందరికి ఒక అనుమానం వచ్చి ఉంటుంది. "అన్నా, షెడ్డాయన కూడా నా దగ్గరున్న అడాప్టర్ లాంటిదే పెట్టి, కోడ్ చదివి, ఐదు వందలు అడిగితే?" ఇవ్వకండి. అది డయాగ్నోసిస్ కాదు, అద్దెకు చదివి పెట్టడం. ఆయన్ను ఒక్కటే అడగండి: "ఈ పార్టే పోయిందని ఏ పరీక్షతో తేల్చారన్నా?" ప్రెషర్ చూశాననో, వైరులో వోల్టేజ్ కొలిచాననో, కాయిల్ ఒక సిలిండర్ నుంచి ఇంకోదానికి మార్చి చూస్తే కోడ్ దాని వెంటే వెళ్లిందనో చెబితే ఆ డబ్బుకు న్యాయం జరిగినట్టే. "కోడ్ అదే వచ్చింది కదా తమ్మీ" అంటే మీకూ ఆయనకూ తేడా లేదు. పెద్ద సర్వీసు సెంటర్లలోనూ ఇదే ప్రశ్న అడగొచ్చు. ఏసీ రూములో కూర్చోబెట్టినంత మాత్రాన పరీక్ష చేసినట్టు కాదు.

ఇక కెరీర్ పేజీలో ఈ కారు గోలంతా ఎందుకో చెబుతాను. ఆ తర్వాత ఐదు నెలలకు హైదరాబాద్‌లో వాహనాల ఎలక్ట్రానిక్స్ చేసే ఒక సంస్థ ఇంటర్వ్యూకు వెళ్లాను. రెజ్యూమెలో నా యాప్ ప్రాజెక్టు ఉంది. దాని గురించి రెండు నిమిషాలు కూడా అడగలేదు. అలాంటి ప్రాజెక్టులు వాళ్లు రోజుకు పది చూస్తారట. "కోడ్ చదవడం బాగుంది. కోడ్ నిన్ను తప్పుదారి పట్టించిన సందర్భం ఒకటి చెప్పు" అన్నాడాయన. నేను బాపు కారు కథ చెప్పాను, మూడు వేలతో సహా. "కోడ్ తప్పు చెప్పలేదు సార్, నేనే తప్పు చదివా" అన్నాను. ఇరవై నిమిషాలు ట్రిమ్ అంకెల మీదే మాట్లాడుకున్నాం. ఆ ఉద్యోగం వచ్చింది. మార్కుల కంటే ఆ చెడిపోని సెన్సరే నాకు ఎక్కువ పనికొచ్చింది.

మీరు మెకానికల్ కావొచ్చు, ఈఈఈ కావొచ్చు, ఐటీఐలో మోటార్ మెకానిక్ కావొచ్చు. స్క్రీన్ మీద ఉన్నది చదివేవాళ్లు ఇప్పుడు లెక్కలేనంత మంది. ఆ పని ఫోనే చేస్తుంది. చదివినదాన్ని పరీక్షించి తేల్చేవాళ్ల కొరత మాత్రం చౌరస్తా షెడ్డులోనూ ఉంది, ఓసీపీ వర్క్‌షాపులోనూ ఉంది. ఉదాహరణకు భారీ డీజిల్ ఇంజిన్లలో ఎక్కువగా జే1939 అనే పద్ధతి వాడతారు. అందులో కోడ్ రెండు ముక్కలుగా వస్తుంది. ఎస్‌పీఎన్ 100 అంటే ఇంజిన్ ఆయిల్ ప్రెషర్. దాని పక్కన ఎఫ్‌ఎంఐ 1 అని ఉంటే ప్రెషర్ నిజంగానే ప్రమాదకరంగా పడిపోయింది, ఇంజిన్ ఆపాలి. 4 అని ఉంటే వోల్టేజ్ తక్కువ, అంటే ముందు సెన్సర్‌నో వైరునో అనుమానించాలి. ఒక్క అంకె తేడాతో ఒకటి ఇంజిన్ మరమ్మతు, ఇంకోటి వైరు ముక్క. వంద టన్నుల డంపర్ పక్కన నిలబడి ఆ తేడా చెప్పగలిగే మనిషికి ఇంగ్లిష్ ఎలా ఉన్నా నడుస్తుంది.

నేర్చుకోవడానికి పెద్ద ఖర్చేమీ లేదు. ఒక మల్టీమీటర్, ఒక అడాప్టర్ చాలు. సెలవుల్లో నెల రోజులు పరీక్షలు చేసే షెడ్డు ఒకటి చూసుకుని కూర్చోండి. బీటెక్ చదివి గ్రీజు పూసుకోవడమేంటని ఇంట్లో అంటారు. నన్నూ అన్నారు.

బాపు గొడవ ఎట్లా తీరిందో చెప్పలేదు కదూ. ఆ రోజు షెడ్డు ముందు చాయ్ తాగుతూ నేను ఒకటే అడిగాను: "బాయిలకు దిగే ముందు సర్దార్ ఏం చేసేటోడు బాపూ?" ముప్పై ఏళ్లు అండర్‌గ్రౌండ్‌లో చేసిన మనిషి. మీథేన్ ఎంతుందో చూసేటోడని, కప్పు మీద కర్రతో కొట్టి సప్పుడు వినేటోడని చెప్పుకొచ్చాడు. 1.25 శాతం చేరితే మనుషుల్ని బయటికి పంపాల్సిందేనని కూడా చెప్పాడు. "మరి బొగ్గు కొట్టేటోడా?" అన్నాను. "సర్దార్ బొగ్గెందుకు కొడ్తడ్రా? చూస్తడు. ఆయన చూసి సరే అంటెనే మేం లోపటికి పోయేది." అని, చాయ్ గ్లాసు కింద పెట్టి, నా మొహంలోకి ఒకసారి చూశాడు. ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి ఐదు వందలు ఇచ్చి వచ్చాడు. ఇంటికి వచ్చేదాకా సెన్సర్ మూడు వేల గురించి మాత్రం నన్ను తిడుతూనే ఉన్నాడు.