తలకు బెత్తెడు దూరంలో ఉక్కు

ఆ మధ్య ఓ మిత్రుడు తన పాత జిప్సీకి రోల్ కేజ్, అంటే లోపల ఉక్కు గొట్టాల పంజరం, వేయించుకుని చూపించడానికి ఇంటికి తెచ్చాడు. గొట్టం మీద పిడికిలితో కొట్టి, ‘ఇక పది పల్టీలు కొట్టినా మనకేం కాదు’ అన్నాడు. డ్రైవరు సీట్లో కూర్చుని చేత్తో కొలిచాను. నా చెవికీ పక్కనున్న గొట్టానికీ మధ్య దూరం బెత్తెడు. ముందు సీట్ల వెనక అడ్డంగా ఇంకో గొట్టం ఉంది. వెనక సీట్లో కూర్చునే అతని కూతురి ముఖానికి అది సరిగ్గా ఎదురుగా వస్తుంది. చుట్టూ నల్లటి స్పాంజి చుట్టారు. బొటనవేలితో నొక్కితే కింద ఇనుము తగిలింది.

అప్పటినుంచీ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. రేసు కారులో ప్రాణాలు కాపాడే వస్తువు ఊళ్లో తిరిగే కారులోకి వచ్చేసరికి అదే పని చేస్తుందా?

రేసుల్లో దాని గొప్పతనాన్ని ఎవరూ కాదనలేరు. 2020 జనవరిలో మోంటే కార్లో ర్యాలీలో ఓట్ తనక్ నడుపుతున్న హ్యుందాయ్ కారు గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో రోడ్డు తప్పి, గాల్లోకి లేచి, కొండవాలు మీద పల్టీలు కొడుతూ పడింది. అతనికీ పక్కనున్న నావిగేటర్‌కీ పెద్ద గాయాలేవీ కాలేదు. ఆ దృశ్యం చూసినవారెవరైనా తమ బండికీ అలాంటి పంజరం ఉంటే బాగుండుననుకోవడం సహజం. అయితే ఆ ఇద్దరి తలలకు హెల్మెట్లున్నాయి. ఒంటిని సీటుకు కట్టిపడేసే రేసు బెల్టులున్నాయి. తల ముందుకు విసురుగా ఊగకుండా హెల్మెట్‌ను పట్టి ఉంచే హాన్స్ పరికరం ఉంది. తలకు రెండు పక్కలా రెక్కలున్న సీట్లున్నాయి. పంజరం చేసే పని ఒక్కటే, లోపలి ఖాళీ నలిగిపోకుండా చూడటం. ఆ ఖాళీలో మనిషి తల దేనికీ కొట్టుకోకుండా చూసే పని మిగతావాటిది.

ఆ మిగతావాటిలో ఒక్కటి లోపించినా ఏమవుతుందో 2001 ఫిబ్రవరి 18న డేటోనాలో తెలిసింది. అమెరికా నాస్కార్ రేసుల్లో ఏడుసార్లు సీజన్ చాంపియన్ అయిన డేల్ అర్న్‌హార్ట్ చివరి ల్యాప్‌లో గోడను ఢీకొన్నాడు. చూసినవారికి అదేమంత ఘోరమైన ప్రమాదంలా అనిపించలేదు. కారులో పంజరం ఉంది, బెల్టులున్నాయి, హెల్మెట్ ఉంది. తల, మెడల కదలికను అదుపుచేసే పరికరం మాత్రం లేదు. పుర్రె అడుగుభాగం చిట్లి ఆయన చనిపోయాడు. ఆ ఏడాది అక్టోబరులోనే నాస్కార్ అలాంటి పరికరాన్ని తప్పనిసరి చేసింది.

ఇక మన కారు సంగతి. 1959లో వోల్వో ఇంజినీరు నిల్స్ బోలిన్ రూపొందించిన మూడు చోట్ల బిగిసే సీటుబెల్టే నేటికీ మనం పెట్టుకునేది. అది మనిషిని సీటుకు అతికించెయ్యదు. కొంత సాగి, ఛాతీ మీద పడే బలాన్ని పంచుతుంది. కాబట్టే గట్టిగా గుద్దినప్పుడు తల మూరెడు దాకా ముందుకు వెళ్లగలదు. పక్కనుంచి గుద్దితే పక్కకు వాలుతుంది. వెనకనుంచి గుద్దితే సీటు వీపు వెనక్కి వంగి, తల వెనక్కీ పైకీ పోతుంది. కారు తయారీదారు ఇదంతా లెక్కవేసుకునే తల చుట్టూ ఖాళీ వదులుతాడు. అది వృథాగా పడి ఉన్న చోటు కాదు, తల ఆగడానికి ఉంచిన చోటు. కేజ్ గొట్టాలు వచ్చి నిలబడేది సరిగ్గా అక్కడే.

అంతేకాదు. కారు లోపలి స్తంభాలకూ పైకప్పు అంచులకూ తల కొట్టుకుని జనం చనిపోతున్నారని గుర్తించి, 1995లో అమెరికా నిబంధనలను మార్చింది. తల నమూనాను గంటకు 24 కిలోమీటర్ల వేగంతో ఆ భాగాలకు కొట్టి, దెబ్బ ఒక హద్దు దాటకూడదంది. అప్పటినుంచి తయారీదారులు ఆ ప్లాస్టిక్ తొడుగుల వెనక దెబ్బను మింగే ఏర్పాట్లు చేస్తున్నారు. మనం డబ్బిచ్చి ఆ తొడుగుల ముందు ఉక్కు గొట్టం వేయించుకుంటున్నాం. కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే ఇంకా నష్టం. పైకప్పు అంచు నుంచి కిందికి విచ్చుకోవాల్సిన ఆ సంచికి దారిలోనే గొట్టం అడ్డు.

‘స్పాంజి చుట్టించాం కదా’ అంటారు. రేసుల్లో గొట్టాలకు వాడే మెత్త గట్టిగా ఉంటుంది, హెల్మెట్ పెట్టుకున్న తలను దృష్టిలో పెట్టుకుని చేసింది. మన షెడ్డుల్లో చుట్టేది ఏసీ పైపులకు వాడే నురుగు. మొదటిదైనా ఉత్త తలకు పూర్తి రక్ష కాదు. రెండోది కంటికి నిబ్బరం తప్ప మరేమీ ఇవ్వదు.

మరి ఊళ్లోనూ హెల్మెట్, రేసు బెల్టు పెట్టుకుని నడపొచ్చుగా? నాలుగు రోజులు నడిపి చూసినవారికి జవాబు తెలుసు. ఆ బెల్టు బిగిస్తే కూడలి దగ్గర వంగి పక్కకు చూడలేం, టోల్‌గేటు దగ్గర చెయ్యి చాచలేం. పది నిమిషాల ప్రయాణానికి ఎవరూ దాన్ని పూర్తిగా బిగించరు. వదులుగా వేసుకున్న రేసు బెల్టు మామూలు బెల్టు కన్నా అధ్వానం. ఇంట్లో పెద్దావిడ తలుపు దగ్గర అడ్డంగా వేసే కేజ్ గొట్టాలు దాటి కారెక్కగలదా అన్నది కూడా ఆలోచించాలి.

పల్టీల భయం మాత్రం నిజమే. అమెరికా ప్రభుత్వ లెక్కల ప్రకారం 2010లో కార్లు, జీపుల ప్రమాదాల్లో పల్టీలు నూటికి రెండే అయినా, ఆ వాహనాల్లో పోయిన ప్రాణాల్లో సుమారు మూడో వంతు వాటివల్లనే. కానీ పల్టీల్లో ప్రాణాలు పోవడానికి పెద్ద కారణం బెల్టు లేక మనుషులు బయటికి విసిరివేయబడటం. దానికి పంజరం ఏమీ చేయలేదు. మిగతా ముప్పుకు సమాధానాలు కారు తయారీలోనే వచ్చాయి. బండి బరువుకు ఒకటిన్నర రెట్లు మోయాల్సిన పైకప్పు మూడు రెట్లు మోయాలని 2009లో ఆ దేశం నిబంధన పెట్టింది. కారు అదుపు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్‌ను 2012 మోడళ్ల నుంచి తప్పనిసరి చేసింది. ఇది ఉన్న కారు కొనడం, లేని కారుకు కేజ్ వేయించడం కన్నా వెయ్యి రెట్లు తెలివైన పని.

విజయవాడ ఆటోనగర్‌లోనో మరోచోటో కేజ్‌లు వేసే మన వెల్డర్ల చేతి నైపుణ్యానికి లోటు లేదు. వారికి అందే సామానుతోనే చిక్కు. అంతర్జాతీయ రేసు నిబంధనల ప్రకారం ప్రధాన గొట్టం అతుకులేనిది కావాలి, 45 మిల్లీమీటర్ల వ్యాసానికి రెండున్నర మిల్లీమీటర్ల మందం ఉండాలి. నీళ్ల పైపుతో చేసిన పంజరం చూడటానికి అలాగే ఉంటుంది, పల్టీలో మడతపడి లోపలికే పొడుచుకొస్తుంది.

చట్టం కూడా స్పష్టంగానే ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇష్టానుసారం మార్చడాన్ని నిషేధిస్తోంది. 2019 సవరణతో ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. ముందు బంపర్లకు బిగించే బుల్ బార్లను 2017 డిసెంబరులో కేంద్రం వద్దన్నదీ ఈ సెక్షన్ కిందే. అయినా గట్టి ఇనుము ఎక్కడ ఉంటే అక్కడ భద్రత ఉంటుందన్న నమ్మకం మనల్ని అంత తొందరగా వదలదు.

‘మరి థార్‌లో కంపెనీయే ఇస్తోందిగా’ అన్నాడు నా మిత్రుడు. నిజమే. 2020 థార్‌ను ఆ పంజరంతో, ఆ సీట్లతో, ఆ బెల్టులతో, ఎయిర్‌బ్యాగులతో కలిపి రూపొందించారు. గ్లోబల్ ఎన్‌క్యాప్ దాన్ని గుద్ది పరీక్షించి నాలుగు స్టార్లిచ్చింది. మన షెడ్డులో వేసిన కేజ్‌ను ఎవరు గుద్ది చూశారు? పైకప్పే లేని బండికి, తలకు తగినంత దూరంగా సీట్ల వెనక ఒక రోల్ బార్ ఉండటంలో అర్థం ఉంది. అదీ వెనక ఎవరూ కూర్చోని రెండు సీట్ల బండిలో. ర్యాలీలకు వెళ్లేవారు పూర్తి పంజరం వేసుకోవాల్సిందే, ఆ కారును ట్రక్కు మీద తీసుకెళ్లాలి. ఒకే బండి ఆదివారం ట్రాక్ మీదకూ సోమవారం బడికీ వెళ్లడం కుదరదు.

నా మిత్రుడు ఇంకా కేజ్ తీయించలేదు. కూతుర్ని మాత్రం వేరే కారులో బడికి పంపుతున్నాడు. బండికి కేజ్ ఉన్న ప్రతి ఒక్కరినీ నేను అడిగేదీ అంతే. దాన్ని తీయించేదాకా, వెనక సీట్లో పిల్లల్ని కూర్చోబెట్టకండి.